సైలెన్సర్ వరకు సరే, టర్బో జోలికి వద్దు

బండి సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అన్నా, నమస్తే. పోయిన దసరాకి సెకండ్ హ్యాండ్‌లో 2018 మోడల్ పోర్షె 718 కేమన్ కొన్నాను. 2.0 లీటర్ టర్బో, పీడీకే అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్. 31 వేల కిలోమీటర్లు తిరిగింది, వారంటీ అయిపోయింది. బండి అంటే నాకు ప్రాణం. లోటల్లా సౌండే. ఆరు సిలిండర్ల పాత కేమన్ పక్కన ఆగితే మనసు చివుక్కుమంటుంది. ఇక్కడ ఒక గ్యారేజీ వాళ్ళు క్యాట్ (పొగను శుభ్రం చేసే కెటాలిటిక్ కన్వర్టర్) లేని డౌన్‌పైపు (టర్బో వెనకే ఉండే గొట్టం), దాని వెనక కొత్త ఎగ్జాస్ట్, 'స్టేజ్ 2' మ్యాప్ (ఇంజను కంప్యూటరులో పవర్ పెంచే ప్రోగ్రాం) అన్నీ కలిపి వేస్తామంటున్నారు. 60 హార్స్‌పవర్ పెరుగుతుందట. మా ఫ్రెండ్సేమో బ్యాక్ ప్రెషర్ (బయటికి పోయే వాయువుకు గొట్టంలో ఎదురయ్యే ఒత్తిడి) పోతే టర్బో పాడవుతుందని భయపెడుతున్నారు. కోకాపేటలో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, ఇంట్లో 8 నెలల బాబు ఉన్నాడు. ఆదివారం పొద్దున్నే ఓఆర్ఆర్ మీదికి, అప్పుడప్పుడు అనంతగిరికి తీసుకెళ్తాను. ఏం మార్చాలి, ఏం మార్చకూడదు? పోలీసులతో ఇబ్బంది ఉంటుందా? (పేరు రాయవద్దన్నారు, కోకాపేట)

జవాబు: అన్నా అని పిలిచావు కాబట్టి తమ్ముడూ అనే మొదలుపెడతాను. ముందు నా మాట చెప్పేస్తాను, కారణాలు తర్వాత. టర్బో, దాని వెనకున్న క్యాట్, ఈ రెండింటి జోలికి వెళ్ళకు. సౌండ్ కావాలంటే చివర ఉన్న సైలెన్సర్ ఒక్కటి మార్చుకో. అది కూడా బటన్ నొక్కితే తెరుచుకుని, మళ్ళీ నొక్కితే మూసుకునే వాల్వు ఉన్నదే తీసుకో. 'స్టేజ్ 2' అన్నది నువ్వు చెప్పిన వాడకానికి అక్కర్లేదు.

టర్బో అంటే భయపడి ఈ మాట చెప్పడం లేదు. ఆటోనగర్‌లో లారీల టర్బోలు విప్పి కట్టడంతోనే నా పని మొదలైంది. షాఫ్టును వేళ్ళతో పట్టుకుని ఊపి చూసి, అది ఆడే తీరును బట్టి బేరింగు ఉందో పోయిందో చెప్పేవాళ్ళం. మాడి గట్టిపడిన నూనె, అంచులు అరిగిపోయిన రెక్కలు ఎన్నో చూశాను. నా దగ్గరికి వచ్చిన వాటిలో ఎక్కువ శాతం నూనె వేళకు మార్చకపోవడం వల్ల, ఘాట్ ఎక్కి వచ్చిన వేడి ఇంజన్ని టక్కున ఆపేయడం వల్ల చెడిపోయినవే. వెనక గొట్టంలో దారి విశాలంగా ఉండటమే కారణంగా చెడిన టర్బో నా బల్ల మీదికి రాలేదు. అందుకే మీ ఫ్రెండ్స్ మాటతోనే మొదలుపెడతాను.

టర్బో బండికి బ్యాక్ ప్రెషర్ ఉండాలన్న మాట తప్పు. సిలిండర్ల నుంచి వచ్చే వేడి వాయువు టర్బైన్ చక్రాన్ని తిప్పి బయటికి పోతుంది. ఆ తిరుగుడుతోనే టర్బో ఇంజన్లోకి గాలిని బలంగా తోస్తుంది. చక్రానికి ముందున్న ఒత్తిడికీ వెనకున్న ఒత్తిడికీ తేడా ఎంత ఎక్కువైతే చక్రానికి అంత బలం. వెనక దారి ఇరుకైతే ఆ తేడా తగ్గిపోయి టర్బో ఆలస్యంగా అందుకుంటుంది. ఫస్ట్ షో వదిలినప్పుడు బయట రోడ్డు జామ్ అయితే హాల్లో జనం కదలలేక నిలబడిపోయినట్టే ఇదీ. మరి ఆ మాట ఎక్కడి నుంచి పుట్టింది? టర్బో లేని బండ్లకు అవసరానికి మించి లావు గొట్టం వేస్తే వాయువు వేగం తగ్గి, తక్కువ ఆర్‌పీఎంలో లాగుడు పడిపోతుంది. దాన్ని చూసి బ్యాక్ ప్రెషర్ పోయిందనుకున్నారు. అదే మాట టర్బో బండ్లకూ అంటించేశారు. కాబట్టి ఈ ఒక్క విషయంలో గ్యారేజీ వాళ్ళదే కరెక్టు. టర్బో వెనక దారి విశాలంగా ఉంటే మంచిదే. ఆ దారిలో బాగా ఇరుకైన చోటు క్యాటే, అదీ నిజమే. అయినా దాన్ని ఎందుకు ఉంచమంటున్నానో చెబుతాను.

నీ బండిలో ఇంజను సీట్ల వెనకే ఉంది కాబట్టి ఎగ్జాస్ట్ మొత్తం పొట్టిగా ఉంటుంది. సెడాన్లలోలాగా బండి పొడవునా సాగదు. 1,988 సీసీ, ఎదురెదురుగా పడుకోబెట్టిన 4 సిలిండర్లు, 300 హార్స్‌పవర్, 1,950 నుంచి 4,500 ఆర్‌పీఎం దాకా 380 ఎన్‌ఎం టార్క్. ఒకే ఒక్క టర్బో. దాని వెంటనే క్యాట్, ఆ తర్వాత సైలెన్సర్, చివర బయటికి కనిపించే గొట్టం. క్యాట్‌ను టర్బోకి అంత దగ్గరగా పెట్టింది ఊరికే కాదు. దాని లోపల సన్నని రంధ్రాలున్న దిమ్మ ఉంటుంది. ఆ రంధ్రాల గోడల మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది. 250, 300 డిగ్రీల వేడి అందితేనే ఆ పూత పని మొదలుపెడుతుంది. ఇంజనుకు దగ్గరగా ఉంటే పొద్దున్నే చల్లటి బండి స్టార్ట్ చేసిన కాసేపటికే వేడెక్కుతుంది. ఒకసారి వేడెక్కాక కార్బన్ మోనాక్సైడ్, కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు 90 శాతానికి పైగా శుభ్రమైపోతాయి.

అది తీసేస్తే ఆ 90 శాతమూ నేరుగా బయటికే. ఎక్కడికి? ముందుగా మీ సెల్లార్ పార్కింగ్‌లోకి. ఆదివారం పొద్దున్నే నువ్వు ఇంజను వేడెక్కే దాకా స్టార్ట్‌లో పెట్టి నిలబడతావు కదా, అక్కడికి. అక్కడే వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది, స్కూలు పిల్లలు వ్యాన్ కోసం దిగేదీ అక్కడికే, మీ ఆవిడ బాబుని ఎత్తుకుని లిఫ్టు దిగేదీ అక్కడే. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మూసి ఉన్న చోట అది ఎంత పెరిగిందో తెలిసేసరికే తల తిరగడం మొదలవుతుంది. క్యాట్ లేని బండి వెనక నిలబడితే వచ్చే ఘాటు పెట్రోలు వాసన తర్వాత సంగతి. హార్స్‌పవర్ కోసం ఈ ఒక్క పని మాత్రం చేయొద్దని ప్రతి కుర్రాడికీ చెబుతాను, నీకూ చెబుతున్నాను.

ఇక ఆ 60 హార్స్‌పవర్ సంగతి. టర్బో బండిలో బూస్టు, అంటే టర్బో తోసే గాలి ఒత్తిడి, ఎంత ఉండాలో నిర్ణయించేది కంప్యూటరు. క్యాట్ తీసేసి దారి విశాలం చేసినా, కంప్యూటరు వేస్ట్‌గేట్ (వాయువును టర్బైన్‌కు తగలకుండా పక్కకు పంపే తలుపు) తెరిచి పాత బూస్టు దగ్గరే ఆపేస్తుంది. అంటే గొట్టం ఒక్కటే మారిస్తే టర్బో కాస్త ముందుగా అందుకుంటుంది, అంతకు మించి పెద్దగా ఏమీ జరగదు. ఆ 60లో ఎక్కువ వాటా మ్యాప్‌ది, బూస్టు పెంచినందువల్ల వచ్చేది. ఇంకో చిక్కు కూడా ఉంది. దారి మరీ ఖాళీ అయిపోతే అదనపు వాయువును పక్కకు మళ్ళించడానికి వేస్ట్‌గేట్ రంధ్రం చాలకపోవచ్చు. అప్పుడు కంప్యూటరు వద్దన్నా బూస్టు పైకి పాకుతుంది. దీన్ని బూస్ట్ క్రీప్ అంటారు. అందుకే డౌన్‌పైపు మార్చినవాళ్ళు మ్యాప్ కూడా మార్చక తప్పదు. ఒకటి మొదలుపెడితే రెండోది దాని వెంటే వస్తుంది, రెండో బిల్లు కూడా.

హైదరాబాద్‌లో దీనికి ఇంకో లెక్క ఉంది. మన ఊరు సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది. చెన్నైతో పోలిస్తే గాలి 5 శాతం పైగా పలచన. సిలిండర్లోకి అదే మోతాదు గాలిని తోయాలంటే టర్బో అక్కడి కంటే వేగంగా తిరగాలి. నిమిషానికి లక్షకు ఎంతో పైన తిరిగే షాఫ్టు అది. కంపెనీ వాళ్ళు ఇలాంటి ఊళ్ళ కోసం కొంత జాగా వదిలిపెడతారు. మ్యాప్ పెంచినవాడు ఆ జాగాలోకే చెయ్యి పెడతాడు. పైగా మే నెలలో 42 డిగ్రీల ఎండ. ఐకియా దగ్గర నుంచి బయోడైవర్సిటీ జంక్షన్ దాకా సాయంత్రం ఆరింటికి పాకుతూ వెళ్ళాక, ఇంజన్లోకి పోయే గాలి ఎంత వేడిగా ఉందో ఓబీడీ రీడర్ (ఇంజను కంప్యూటరులోని కొలతలు చూపే పరికరం) పెట్టి చూడు. గాలి వేడెక్కితే నాక్ (సిలిండర్లో పెట్రోలు అదుపు తప్పి పేలడం) వస్తుంది. నాక్ రాకుండా కంప్యూటరు ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగుతుంది, అంటే ప్లగ్గు నిప్పును ఆలస్యం చేస్తుంది, దాంతో పవర్ తగ్గుతుంది. ఏసీ గదిలో, ఫ్యాన్ల ముందు డైనో (బండి పవర్ కొలిచే రోలర్ల యంత్రం) మీద చూపించిన పవర్ అలాంటి రోజు రోడ్డు మీద కనిపించదు.

అయినా ఆ లెక్క నిజమో కాదో చూడాలనిపిస్తే వాళ్ళను ఒకటి అడుగు. ఏదీ మార్చకముందు నీ బండినే డైనో ఎక్కించి కాగితం తీసివ్వమను. మార్చాక అదే డైనో, అదే పెట్రోలు, దాదాపు అదే ఎండ ఉన్నప్పుడు మళ్ళీ తీయమను. వేరే దేశంలో, వేరే బండి మీద, 98 ఆక్టేన్ (నాక్‌ను పెట్రోలు ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) పెట్రోలుతో తీసిన గ్రాఫు చూపిస్తే దాన్ని లెక్కలోకి తీసుకోకు. నీ బండి మాన్యువల్‌లో కూడా 98 వాడమనే ఉంటుంది. 95 వాడితే టైమింగ్ తనే సర్దుకుంటుంది. కాబట్టి మామూలు పెట్రోలు పోయకు. 95 ఆక్టేన్ ఉన్న ఎక్స్‌పీ95కి తగ్గకుండా చూసుకో, దొరికినప్పుడు ఎక్స్‌పీ100 పోయించు. ఈ మార్పు ఎగ్జాస్ట్ కంటే ముందు చేయాల్సింది, చాలా చవకైంది కూడా.

ఇంజనుకు రావాల్సిన పవర్ సక్రమంగా వస్తోందో లేదో ముందు చూసుకోవాలి. సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి ఇంకా ముఖ్యం. స్పార్క్ ప్లగ్గులు ఎప్పుడు మార్చారో సర్వీసు పుస్తకంలో వెతుకు, లేకపోతే మార్చేయ్. పోర్షెలలో ముందు బంపర్ నోళ్ళ వెనక రేడియేటర్లుంటాయి. వాటి సందుల్లో ఎండాకులు, ప్లాస్టిక్ కవర్లు, దుమ్ము గుట్టలుగా పేరుకుంటాయి. బంపర్ విప్పి శుభ్రం చేయిస్తే వేడి ఎంత తగ్గుతుందో నీకే తెలుస్తుంది. అనంతగిరి మలుపుల్లో తిప్పే బండికి టైర్ల వయసు చాలా ముఖ్యం. టైరు పక్కగోడ మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైందని అర్థం. 31 వేల కిలోమీటర్లే తిరిగింది కాబట్టి బండితో వచ్చిన టైర్లే ఇంకా ఉండొచ్చు. గాడులు లోతుగానే ఉన్నా రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది. ఆ టైర్ల మీద 300 హార్స్‌పవరే ఎక్కువ.

ఇప్పుడు సౌండ్ సంగతికి వద్దాం. నీ బాధ నాకు అర్థమవుతోంది, అది చిన్న విషయం కాదు. స్పోర్ట్స్ కారు నడిపేవాడికి చెవి కూడా ఒక మీటరే. గేరు ఎప్పుడు మార్చాలో, ఇంజను ఎంత కష్టపడుతోందో అది చెబుతుంది. 2016లో పోర్షె ఈ బండిలో ఆరు సిలిండర్ల ఇంజను తీసేసి నాలుగు సిలిండర్ల టర్బో పెట్టినప్పుడు సౌండ్ గురించి ప్రపంచమంతా గొణిగింది. కారణాలు రెండు. మొదటిది, రెండు సిలిండర్లు తగ్గితే ఒక చుట్టుకు వచ్చే పేలుళ్ళు తగ్గి గొంతు మారిపోతుంది. రెండోది, వాయువులో ఉండే శక్తిని టర్బైన్ లాక్కుంటుంది, ఆ పేలుళ్ళ పదును అక్కడే విరిగిపోతుంది. ఈ రెంటినీ ఏ సైలెన్సరూ మార్చలేదు. కొత్త ఎగ్జాస్ట్ వేస్తే పాత కేమన్ గొంతు వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకు. వచ్చేది ఈ ఇంజను గొంతే, కాస్త పెద్దగా, కాస్త లోతుగా వస్తుంది. ముందు ఇలాంటిదే వేసుకున్న ఇంకో 718ను కనుక్కుని, అందులో కూర్చుని విను. ఫోన్లో వీడియో చూసి నిర్ణయం తీసుకోవద్దు, ఫోను మైకు కింది స్వరాలన్నీ తినేస్తుంది.

మొదట చూడాల్సింది, కంపెనీ స్పోర్ట్స్ ఎగ్జాస్ట్ నీ బండికి ఇప్పటికే ఉందా అని. గేరు లివరు దగ్గర బటన్ల వరుసలో రెండు గొట్టాల బొమ్మ ఉన్న బటన్ ఉంటే అది ఉన్నట్టే. మొదటి యజమాని ఆ ఆప్షన్ పెట్టించుకోకపోతే బండి వెనక మధ్యలో బల్లపరుపుగా ఒకటే గొట్టం కనిపిస్తుంది. అలా అయితే పోర్షె సర్వీస్ సెంటర్‌కి వెళ్ళి, నీ ఛాసిస్ నంబరుకు కంపెనీ స్పోర్ట్స్ ఎగ్జాస్ట్ తర్వాత బిగించే వీలుందా అని అడుగు. వీలుంటే నా ఓటు దానికే. బయటి కంపెనీల్లో స్లొవేనియా వాళ్ళ అక్రపోవిచ్, ఆస్ట్రియా వాళ్ళ రెమస్ లాంటి పేరున్నవి ఉన్నాయి, పనితనం బాగుంటుంది. టైటానియం అయితే బరువు కూడా తగ్గుతుంది. దిగుమతి సుంకం, జీఎస్టీ, బిగింపు అన్నీ కలిపి ఎంతో ముందే కాగితం మీద రాయించుకో.

వాల్వు ఎందుకు ఉండాలంటున్నానో చెబుతాను. నువ్వు ఓఆర్ఆర్ మీద 100, 110లో వెళ్ళేటప్పుడు ఏడో గేరులో ఇంజను 2,000 ఆర్‌పీఎం చుట్టుపక్కల తిరుగుతుంటుంది. చవక సైలెన్సర్లలో సరిగ్గా అక్కడే 'డ్రోన్' మొదలవుతుంది. చెవి కంటే ముందు ఛాతీకి తగిలే లోతైన మోత అది. షోరూం ముందు రేజ్ చేసి చూసినప్పుడు తెలియదు. శంషాబాద్ నుంచి ఘట్‌కేసర్ దాకా వెళ్ళేసరికి తల పట్టుకుంటారు. వాల్వు మూస్తే వాయువు పొడవాటి దారిన వెళ్ళి ఆ మోత చాలా మటుకు అణిగిపోతుంది. ఇంకో లాభం, పొద్దున్న అయిదున్నరకు సెల్లార్లో స్టార్ట్ చేసినప్పుడు బాబు, పక్క ఫ్లాట్ల వాళ్ళు లేవరు. కొనేటప్పుడు ఒకటి గమనించు. ఇంజను ఆపినప్పుడు వాల్వు ఏ స్థితిలో ఉంటుంది, స్టార్ట్ చేయగానే తెరుచుకుని గర్జిస్తుందా, మూసుకునే ఉంటుందా? మూసుకుని ఉండేలా పెట్టించు.

బిగించే రోజు పక్కనే ఉండు. క్యాట్‌కీ సైలెన్సర్‌కీ మధ్య ఫ్లాంజి (రెండు గొట్టాలను కలిపే అంచు) నట్లు వేడికి కాలీ కాలీ పట్టేసి ఉంటాయి. తొందరపడి ఇంపాక్ట్ గన్ పెడితే స్టడ్ తెగుతుంది. ముందు రోజు రాత్రి నూనె పట్టించి ఉంచితే పని సులువవుతుంది. గ్యాస్కెట్లు, నట్లు కొత్తవి వేయాలి. ఎక్కడా కోసి అతికించే పని ఉండకూడదు. బోల్టుతో విడదీసి బోల్టుతో బిగించేదే తీసుకో. రేపు పాతది మళ్ళీ వేయాల్సి వస్తే గంటల్లో అయిపోవాలి. తీసిన పాత సైలెన్సర్‌ను ఇంటికి తెచ్చుకో, బండి అమ్మేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. ఒకవేళ నా మాట వినకుండా క్యాట్ తీయించినా, దాన్ని మాత్రం అక్కడ వదిలేసి రావద్దు. అందులోని ప్లాటినం, పల్లాడియం, రోడియం కోసం పాత క్యాట్‌లకు స్క్రాప్‌లో మంచి ధర ఉంది. 'పాత సామాను మేమే పడేస్తాంలే' అన్న మాట వినగానే జాగ్రత్తపడు.

క్యాట్ తీసేశాక వెలిగే ఇంజను లైటు గురించి గ్యారేజీ వాళ్ళు నీకు చెప్పారో లేదో. క్యాట్‌కు ముందొక ఆక్సిజన్ సెన్సార్, వెనకొకటి ఉంటాయి. వెనకది క్యాట్ పని చేస్తోందా అని కనిపెడుతుంటుంది. క్యాట్ లేకపోతే పీ0420 అనే కోడ్ వస్తుంది. కొందరు సెన్సార్ కింద స్పేసర్ పెట్టి దాన్ని పొగకు దూరం జరిపి, కొందరు మ్యాప్‌లోనే ఆ పరీక్షను చెరిపేసి లైటు ఆర్పేస్తారు. బండికి ఉన్న ఒక కన్ను మూసేసినట్టు అవుతుంది. తర్వాత నిజంగా ఏదైనా తేడా వచ్చినా నీకు చెప్పే దారి ఉండదు. పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గరా ఇబ్బందే. బీఎస్4 (భారత్ స్టేజ్ 4 కాలుష్య ప్రమాణం) పెట్రోలు కారుకు ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు (కాలని పెట్రోలు ఆవిరి) 200 పీపీఎం దాటకూడదు. క్యాట్ లేకుండా నిజాయితీగా పరీక్షిస్తే అందులో నెగ్గడం కష్టం.

పోలీసుల గురించి అడిగావు. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ఉంది. రిజిస్ట్రేషన్‌లో ఉన్న, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, 6 నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. శబ్దం, పొగ నిబంధనలు మీరితే 190(2) సెక్షన్ వేరే ఉంది. మొదటిసారికి 10,000 రూపాయల దాకా జరిమానా గానీ, 3 నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ. పైగా 3 నెలలు లైసెన్సుకు అనర్హత. బుల్లెట్ల సైలెన్సర్లు పీకి రోడ్ రోలర్ కింద తొక్కించిన ఫొటోలు పేపర్లలో చూసే ఉంటావు. కారు కదా అని వదిలేస్తారనుకోవద్దు. కంపెనీ సొంత ఎగ్జాస్ట్ వేయించుకోమని నేను చెప్పడానికి ఇదీ ఒక కారణం. ఆ బిల్లు, పార్ట్ నంబరు దగ్గర ఉంటే మాట్లాడటానికి ఒక ఆధారం ఉంటుంది. బయటి కంపెనీది అయితే దాని మీద ఆమోదపు గుర్తు ఏముందో, అది మన దేశంలో చెల్లుతుందో రవాణా శాఖ ఆఫీసులో అడిగి తెలుసుకున్నాకే డబ్బు కట్టు.

ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా మెయిల్ పెట్టు. ఏం వేయించుకున్నావో, విలువ ఎంతో రాసి, పాలసీలో చేర్పించు. చెప్పకుండా మ్యాప్ మార్చిన బండికి రేపు పెద్ద యాక్సిడెంట్ అయితే క్లెయిము దగ్గర వాదన మొదలయ్యేది అక్కడే. కొన్న ధరను చూస్తే ఆ ఒక్క మెయిలు ఎంత పని?

ప్రశ్న: సార్, నాది 2021 పోలో 1.0 టీఎస్ఐ. ఉప్పల్ నుంచి రోజూ హైటెక్ సిటీకి తిరుగుతాను. మా వీధి వెల్డింగ్ షాపులో వెనక మఫ్లర్ (సైలెన్సర్) కోసేసి నేరుగా పైపు వేస్తామంటున్నారు, మైలేజీ పెరుగుతుందట. నిజమేనా? (ఒక ఉద్యోగి, ఉప్పల్)

జవాబు: పెరగదు. మైలేజీ తినేది ఉప్పల్ రింగు రోడ్డు మీది ట్రాఫిక్, టైర్లలో తగ్గిన గాలి, మురికిపట్టిన ఎయిర్ ఫిల్టరు. మీ బండిది మూడు సిలిండర్ల ఇంజను, దాని సహజమైన అదురును అణచడంలో ఆ మఫ్లర్‌కూ వాటా ఉంది. అది తీసేస్తే రోజూ గంటల తరబడి ఆ మోత మీ చెవిలోనే ఉంటుంది. ఇంకో మాట, వీధి షాపుల్లో మామూలు కడ్డీతో అతికిస్తారు. ఆ అతుకు తుప్పుపట్టి, ఒక వానాకాలం తిరిగేసరికి చీలుతుంది. స్టెయిన్‌లెస్ పైపుకు ఆర్గాన్ వెల్డింగే చేయాలి. చీలిన చోట నుంచి పొగ కిటికీల గుండా క్యాబిన్లోకి రావచ్చు. చక్కగా ఉన్న కంపెనీ పైపును కోయించకండి. లాగుడు తగ్గిందని అనిపిస్తే ముందు ఫిల్టరు, ప్లగ్గులు, టర్బో నుంచి ఇంజనుకు గాలి తీసుకెళ్ళే హోస్ పైపులు ఎక్కడైనా పగిలాయా చూపించండి. ఆ హోస్‌లో చిన్న చీలిక ఉన్నా బూస్టు లీకై, ఇంజను డల్ అయిపోతుంది. దాన్ని మారిస్తే మీరు అనుకున్న హుషారు తిరిగొస్తుంది.

ప్రశ్న: అయ్యా, నేను రిటైరైన టీచరును. మణికొండలో ఉంటాను. మా వీధిలో ఒక అబ్బాయి రాత్రి ఒంటిగంటకు కారు తీస్తాడు. ఢాం ఢాం అని తుపాకీ పేల్చినట్టు శబ్దం. మా వారు గుండె జబ్బు మనిషి, ఉలిక్కిపడి లేస్తున్నారు. కారే అలా ఉంటుందా, వాడే అలా చేస్తున్నాడా? ఎవరికి చెప్పాలి? (మణికొండ)

జవాబు: టీచరుగారూ, కంపెనీ నుంచి వచ్చిన కారు అంత గట్టిగా పేలదు. అది చేయించిందే. యాక్సిలరేటర్ వదిలినప్పుడు కూడా ఇంజన్లోకి పెట్రోలు పోసేలా, అది ఆలస్యంగా అంటుకుని ఎగ్జాస్ట్‌లో కాలేలా మ్యాప్ మారుస్తారు. 'పాప్స్ అండ్ బ్యాంగ్స్' అని దానికి పేరు. ఆ మంట టర్బైన్ దగ్గర, క్యాట్ లోపల మండుతుంది. కొన్నాళ్ళకు క్యాట్ లోపలి దిమ్మ కరిగి ముక్కలవుతుంది. అంటే ఆ అబ్బాయి మీ నిద్రతో పాటు తన బండినీ పాడుచేసుకుంటున్నాడు. ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు. మొదట అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ద్వారా అతని ఇంట్లో పెద్దవాళ్ళతో మాట్లాడించండి. మీరు ఒంటరిగా వెళ్ళకండి, నలుగురు కలిసి వెళ్ళండి. మ్యాప్ మళ్ళీ పాతది వేయించడం కంప్యూటరు పెట్టి గంటలో అయ్యే పని అని చెప్పండి. చాలాసార్లు అక్కడితో అయిపోతుంది.

అప్పటికీ ఆగకపోతే చట్టం మీ పక్షానే ఉంది. శబ్ద కాలుష్య నిబంధనలు 2000 ప్రకారం ఇళ్ళున్న చోట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ పరిమితి, పగలు 55. శబ్దం జరుగుతున్నప్పుడే 112కి ఫోన్ చేయండి. తర్వాత ట్రాఫిక్ పోలీస్ స్టేషన్లో రాతపూర్వకంగా ఇవ్వండి. అందులో కారు నంబరు, తేదీలు, వేళలు రాయండి. కిటికీ నుంచి తీసిన వీడియో ఉంటే జత చేయండి, నంబరు ప్లేటు కనిపించేలా ఉంటే మంచిది. కోపంగా రాయక్కర్లేదు, వివరాలుంటే చాలు. మోటారు వాహనాల చట్టంలోని 190(2) సెక్షన్ పేరు ప్రస్తావించండి. మీ వారి ఆరోగ్యం గురించి డాక్టరు రాసిన కాగితం నకలు ఉంటే అదీ పెట్టండి. ఇచ్చిన ఫిర్యాదుకు రసీదు అడిగి తీసుకోండి.